న్యాయమూర్తి కోకా సుబ్బారావు

శాసనసభలో ఒక బిల్లును ప్రవేశపెడతారు. సభ్యులు దానిపై చర్చిస్తారు, సవరణలు సూచిస్తారు, ఓటు వేస్తారు. ఆమోదముద్ర పడిన నాటి నుండి అది చట్టమవుతుంది. ప్రజలు ఎన్నుకొన్న ప్రతినిధులు చేసినది గనుక దానిని అందరూ శిరసావహించవలసిందే. అయితే ఆ చట్టమే ఒక సామాన్య పౌరుని హక్కును హరిస్తే అతడు ఎవరితో మొరపెట్టుకోవాలి? చేసినవారి దగ్గరకే వెళ్ళాలా? చట్టం చేసే సభకు కూడా ఒక హద్దు ఉన్నదని చెప్పగలవారెవరైనా ఉన్నారా? స్వతంత్ర భారతదేశపు తొలి రెండు దశాబ్దాలలో ఈ ప్రశ్న పదే పదే న్యాయస్థానాల ముందుకు వచ్చింది. దానికి నిర్భయంగా సమాధానం చెప్పిన న్యాయమూర్తులలో అగ్రగణ్యులు జస్టిస్ కోకా సుబ్బారావు. భారత ప్రధాన న్యాయమూర్తి పదవిని అధిష్ఠించిన తొలి తెలుగువారు ఆయనే.

సుబ్బారావు 1902 జూలై 15న గోదావరీ తీరంలోని రాజమహేంద్రవరంలో జన్మించారు. నన్నయ భట్టారకుని కాలం నుండి విద్యకు, సాహిత్యానికి పేరుగన్న పట్టణమది. వీరేశలింగం పంతులు సంఘసంస్కరణోద్యమానికి కేంద్రమై, కొత్త ఆలోచనలకు నెలవైన పట్టణం కూడా. అక్కడి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలలో ఆయన పట్టభద్రులై, మద్రాసు లా కళాశాలలో న్యాయశాస్త్రం అభ్యసించారు. అనంతరం మద్రాసులోనే న్యాయవాదిగా జీవితం ప్రారంభించారు. తరువాతి కాలంలో మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా ప్రసిద్ధికెక్కిన పి.వి. రాజమన్నారు ఆయనకు బావమరిది. ఇద్దరూ న్యాయవాద వృత్తిలో కలిసి పనిచేశారు. భూమి తగాదాలు, వారసత్వ వివాదాలు, అప్పుల దావాలు నిత్యం ఎదురయ్యే ఆ వృత్తిలో సుబ్బారావు రెండు దశాబ్దాలకు పైగా గడించిన అనుభవం తరువాతి జీవితానికి పునాది అయింది.

1948లో ఆయన మద్రాసు హైకోర్టు న్యాయమూర్తిగా నియమితులయ్యారు. అప్పటికి దేశానికి స్వాతంత్ర్యం వచ్చి కొద్ది కాలమే అయింది. రాజ్యాంగ రచన జరుగుతున్నది. 1950 జనవరి 26న రాజ్యాంగం అమలులోకి రావడంతో న్యాయమూర్తుల బాధ్యత పూర్తిగా మారిపోయింది. బ్రిటిష్ పాలనలో న్యాయమూర్తి పని చట్టాన్ని వ్యాఖ్యానించి అమలుపరచడం వరకే ప్రధానంగా పరిమితమై ఉండేది. కొత్త రాజ్యాంగం ఆయన చేతికి మరొక కొలబద్ద ఇచ్చింది. చట్టం రాజ్యాంగానికి లోబడి ఉన్నదా లేదా అని పరీక్షించి, లోబడి లేకపోతే అది చెల్లదని ప్రకటించే అధికారం అది. దీనినే న్యాయసమీక్ష అంటారు.

న్యాయసమీక్షలో ముఖ్యంగా మూడు పరీక్షలున్నాయి. మొదటిది, ఆ విషయంపై చట్టం చేసే అధికారం ఆ సభకు ఉన్నదా అన్నది. రాజ్యాంగం కేంద్ర జాబితా, రాష్ట్ర జాబితా, ఉమ్మడి జాబితా అని అధికారాలను విభజించింది. ఒకరి పొలంలో మరొకరు నాగలి కట్టరాదు. రెండవది, ఆ చట్టం పౌరుల ప్రాథమిక హక్కులను హరిస్తున్నదా అన్నది. అలా హరించే చట్టాన్ని రాజ్యం చేయరాదని 13వ అధికరణం శాసిస్తుంది. మూడవది, చట్టం చేయడానికి రాజ్యాంగం నిర్దేశించిన మార్గాన్ని సభ అనుసరించిందా అన్నది. సభలో జరిగే చిన్న చిన్న క్రమభంగాలను న్యాయస్థానం పట్టించుకోదు. 122, 212 అధికరణాలు అందుకు అడ్డుకట్ట వేశాయి. కాని రాజ్యాంగం తప్పనిసరి చేసిన నియమాన్నే సభ అతిక్రమిస్తే అది కేవలం క్రమభంగం కాదు, రాజ్యాంగ ఉల్లంఘన. ఈ తేడాను గుర్తించడంలోనే న్యాయమూర్తి వివేకం తెలుస్తుంది. సుబ్బారావు జీవితం ఈ మూడు పరీక్షల చుట్టూ అల్లుకొన్నది.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించింది. కర్నూలు రాజధాని అయింది. శ్రీబాగ్ ఒడంబడిక స్ఫూర్తితో హైకోర్టును కోస్తా ప్రాంతంలోని గుంటూరులో నెలకొల్పాలని నిర్ణయించారు. 1954 జూలై 5న గుంటూరులో ఆంధ్ర హైకోర్టు ఏర్పడగా సుబ్బారావు దానికి ప్రథమ ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. కొత్త రాష్ట్రంలో ఒక హైకోర్టును తొలిమెట్టు నుండి తీర్చిదిద్దడం సులభమైన పని కాదు. ఆయన ఆ బాధ్యతను సమర్థంగా నిర్వహించారు. 1956 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత హైకోర్టు హైదరాబాదులో, మూసీ నది ఒడ్డునున్న భవనానికి తరలింది. విస్తరించిన రాష్ట్రపు హైకోర్టుకు కూడా ఆయనే తొలి ప్రధాన న్యాయమూర్తి. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల న్యాయవాదులు, న్యాయమూర్తులు ఒక్క గొడుగు కిందికి వచ్చిన ఆ సంధికాలంలో ఆయన పెద్దరికం సంస్థకు అండగా నిలిచింది.

1958 జనవరి 31న సుబ్బారావు సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా ప్రమాణ స్వీకారం చేశారు. అదే సంవత్సరం నవంబరులో ఆంధ్రదేశానికి సంబంధించిన ఒక ముఖ్యమైన వ్యాజ్యంలో ఆయన తీర్పు వెలువరించారు. కృష్ణా జిల్లాలో ప్రైవేటు యజమానులు నడుపుతున్న బస్సు మార్గాలను జాతీయం చేయడానికి ప్రభుత్వం ఒక పథకం తయారుచేసింది. గుళ్ళపల్లి నాగేశ్వరరావు, మరికొందరు బస్సు యజమానులు దానిని సవాలు చేశారు. జాతీయం చేయడానికి వీలు కల్పించిన చట్టమే చెల్లదని వారు చేసిన వాదనను సుబ్బారావు అంగీకరించలేదు. చట్టం చేసే అధికారం ఉన్నంతవరకు చేసినవారి ఉద్దేశాలను వెదకడం న్యాయస్థానం పని కాదని ఆయన అభిప్రాయం. అయితే యజమానుల అభ్యంతరాలను విన్నది రవాణా శాఖ కార్యదర్శి, నిర్ణయం తీసుకొన్నది ముఖ్యమంత్రి. ఒకరు విని మరొకరు తీర్పు చెబితే అది విచారణ అనిపించుకోదని, పైగా పథకంతో సంబంధమున్న శాఖవారే విచారణ జరపడం సహజ న్యాయానికి విరుద్ధమని ఆయన నిర్ణయించారు. మెజారిటీ న్యాయమూర్తులు ఏకీభవించడంతో ప్రభుత్వ ఉత్తర్వు రద్దయింది. చట్టాన్ని నిలబెట్టి, అమలులోని అన్యాయాన్ని మాత్రం తుంచివేసిన తీర్పు ఇది.

1959 జనవరిలో దీప్‌చంద్ వ్యాజ్యంలో ఆయన మరొక మౌలిక సూత్రాన్ని స్థిరపరచారు. రాజ్యాంగం అమలులోకి వచ్చిన తరువాత ప్రాథమిక హక్కులను అతిక్రమిస్తూ చేసిన చట్టం ఆ మేరకు పుట్టుకతోనే చెల్లనిదని, తరువాత రాజ్యాంగాన్ని సవరించినంత మాత్రాన అది తిరిగి ప్రాణం పోసుకోదని ఆయన వివరించారు. చెల్లని విత్తనం నుండి పంట రాదన్నట్లుగా, అధికారం లేని చోట చేసిన శాసనానికి ఆయుష్షు లేదన్నది దీని సారాంశం.

సుబ్బారావు వ్యక్తిత్వం స్పష్టంగా వెల్లడైనది ఆయన అసమ్మతి తీర్పులలో. తోటి న్యాయమూర్తులందరూ ఒకవైపు ఉన్నా, తన మనస్సాక్షి అంగీకరించకపోతే ఆయన ఒంటరిగా నిలబడేవారు. 1957 మే నెలలో బీహారు శాసనసభలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగంలో కొంత భాగాన్ని స్పీకరు రికార్డు నుండి తొలగించారు. తొలగించిన భాగంతో సహా ఆ ప్రసంగాన్ని పాట్నాలోని సెర్చ్‌లైట్ పత్రిక ప్రచురించింది. సభాహక్కులకు భంగం కలిగిందంటూ సంపాదకుడు ఎం.ఎస్.ఎం. శర్మకు నోటీసు అందింది. ఆయన సుప్రీంకోర్టును ఆశ్రయించారు. 1958 డిసెంబరు 12న ఐదుగురు న్యాయమూర్తులలో నలుగురు శాసనసభ పక్షాన తీర్పు చెప్పారు. సుబ్బారావు ఒక్కరే విభేదించారు. సభాహక్కులు కూడా రాజ్యాంగం నుండి పుట్టినవేనని, పౌరుని వాక్స్వాతంత్ర్యం కంటె అవి మిన్న కావని, బ్రిటిష్ పార్లమెంటుకు శతాబ్దాల క్రితం సంక్రమించిన అధికారాలను స్వతంత్ర దేశపు పౌరులపై అట్లే ప్రయోగించడం తగదని ఆయన వాదం.

1962 డిసెంబరులో ఖరక్‌సింగ్ వ్యాజ్యం వచ్చింది. ఉత్తరప్రదేశ్ పోలీసులు తమ శాఖ నిబంధనల ప్రకారం ఒక వ్యక్తిపై నిఘా పెట్టి, అర్ధరాత్రి ఇంటికి వచ్చి తలుపు తట్టి లేపుతుండేవారు. ఆ నిబంధనలకు ఏ శాసనసభ ఆమోదమూ లేదు. అవి కేవలం శాఖాపరమైన ఆదేశాలు. రాత్రివేళ ఇంటికి రావడాన్ని మాత్రం మెజారిటీ న్యాయమూర్తులు చెల్లదన్నారు. మిగిలిన నిఘాను సమర్థించి, గోప్యత అనే హక్కు రాజ్యాంగంలో లేదన్నారు. సుబ్బారావు, జస్టిస్ జె.సి. షా ఇందుకు అంగీకరించలేదు. ఇల్లు మనిషికి కోట వంటిదని, వెంటాడే కళ్ళ నడుమ తిరిగే మనిషి స్వేచ్ఛాజీవి కాడని, గోప్యత వ్యక్తి స్వేచ్ఛలో అంతర్భాగమని వారు భావించారు. చట్టమే లేనిచోట స్వేచ్ఛకు సంకెల వేయడానికి ప్రభుత్వానికి అధికారం ఎక్కడిదన్నది వారి ప్రశ్న.

1963లో దేవదాసన్ వ్యాజ్యంలో వెనుకబడిన వర్గాలకు ఉద్యోగాలలో రిజర్వేషన్ల ప్రశ్న వచ్చింది. ఒక సంవత్సరం భర్తీకాని స్థానాలను తరువాతి సంవత్సరాలకు బదిలీచేసే నియమాన్ని మెజారిటీ కొట్టివేసింది. సుబ్బారావు మళ్ళీ ఏకాకి అయ్యారు. తరతరాలుగా వెనుకబడినవారిని ముందున్నవారితో ఒకే గీత మీద నిలబెట్టి పరుగు పందెం పెట్టడం సమానత్వం కాదని ఆయన గుర్తించారు. రిజర్వేషన్లు సమానత్వానికి మినహాయింపు కావని, సమానత్వాన్ని సాధించే మార్గాలలో ఒకటని ఆయన చేసిన వ్యాఖ్యానాన్ని సుప్రీంకోర్టు 1975లో ఎన్.ఎం. థామస్ వ్యాజ్యంలో ఆదరించి, 1992లో ఇంద్రా సాహ్నీ వ్యాజ్యంలో ధ్రువపరచింది.

1964లో శాసనసభకు, న్యాయస్థానానికి మధ్య కనీవినీ ఎరుగని సంఘర్షణ తలెత్తింది. గోరఖ్‌పూర్‌కు చెందిన కేశవ్‌సింగ్ అనే కార్యకర్తను సభాధిక్కార నేరం కింద ఉత్తరప్రదేశ్ శాసనసభ ఏడు రోజులు జైలుకు పంపింది. అలహాబాదు హైకోర్టు లక్నో ధర్మాసనం ఆయనకు బెయిలు ఇచ్చింది. కోపించిన శాసనసభ ఆ ఇద్దరు న్యాయమూర్తులను, న్యాయవాదిని నిర్బంధించి సభ ముందు హాజరుపరచాలని తీర్మానించింది. హైకోర్టులోని ఇరవై ఎనిమిది మంది న్యాయమూర్తులు కలిసి కూర్చుని ఆ తీర్మానం అమలును నిలిపివేశారు. రాష్ట్రపతి ఈ విషయమై సుప్రీంకోర్టు సలహా కోరారు. ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనంలో సుబ్బారావు ఒకరు. సెప్టెంబరు 30న ప్రధాన న్యాయమూర్తి గజేంద్రగడ్కర్ ఆరుగురి తరఫున అభిప్రాయం వెల్లడించారు. మన దేశంలో సర్వోన్నతమైనది శాసనసభ కాదు, రాజ్యాంగమని, నిర్బంధితుడైన పౌరుని మొర ఆలకించే అధికారం హైకోర్టుకు ఉన్నదని వారు తేల్చారు. సభలో జరిగే పద్ధతి లోపాన్ని కోర్టు ప్రశ్నించరాదు గాని, చట్టవిరుద్ధమైన, రాజ్యాంగవిరుద్ధమైన చర్యను పరిశీలించవచ్చునని కూడా స్పష్టపరచారు. కేశవ్‌సింగ్ పిటిషన్‌ను మాత్రం 1965లో హైకోర్టు తోసిపుచ్చింది. మనిషి ఓడినా సూత్రం గెలిచింది.

1966 జూన్ 30న సుబ్బారావు భారతదేశపు తొమ్మిదవ ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఎనిమిది మాసాల తరువాత, 1967 ఫిబ్రవరి 27న, ఆయన పేరును చరిత్రలో చిరస్థాయిగా నిలిపిన గోలక్‌నాథ్ తీర్పు వెలువడింది.

ఆ తీర్పు ప్రాధాన్యం తెలియాలంటే కొంత పూర్వకథ తెలియాలి. స్వాతంత్ర్యం వచ్చిన వెంటనే రాష్ట్రాలు జమీందారీ వ్యవస్థను రద్దుచేస్తూ, భూ పరిమితులు విధిస్తూ చట్టాలు చేశాయి. దున్నేవానికి భూమి దక్కాలన్నది ఆ కాలపు ఆకాంక్ష. ఆస్తిహక్కు అప్పుడు ప్రాథమిక హక్కు. అందువల్ల భూస్వాములు కోర్టులకు వెళ్ళారు. పాట్నా హైకోర్టు బీహారు భూసంస్కరణల చట్టాన్ని కొట్టివేసింది. పార్లమెంటు 1951లో రాజ్యాంగానికి మొదటి సవరణ చేసి, తొమ్మిదవ షెడ్యూలు అనే కొత్త అర చేర్చింది. అందులో చేర్చిన చట్టాన్ని ప్రాథమిక హక్కుల పేరిట ఎవరూ సవాలు చేయరాదు. మొదట అందులో పదమూడు చట్టాలు చేరాయి. 1964లో పదిహేడవ సవరణ మరి నలభైనాలుగింటిని చేర్చింది. వాటిలో 1961 నాటి ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ భూపరిమితి చట్టం కూడా ఉన్నది. ఇటువంటి సవరణలు చెల్లుతాయని సుప్రీంకోర్టు 1951లో శంకరీప్రసాద్ వ్యాజ్యంలోను, 1964లో సజ్జన్‌సింగ్ వ్యాజ్యంలోను తీర్పు చెప్పింది.

పంజాబులోని జలంధరు ప్రాంతంలో గోలక్‌నాథ్ కుటుంబానికి పెద్ద ఎత్తున సాగుభూమి ఉండేది. 1953 నాటి పంజాబు భూచట్టం కింద వారి భూమిలో 418 స్టాండర్డ్ ఎకరాలకు పైగా మిగులు భూమిగా అధికారులు నిర్ణయించారు. ఆ చట్టం తొమ్మిదవ షెడ్యూలులో ఉన్నది గనుక, దానిని అక్కడ చేర్చిన రాజ్యాంగ సవరణనే ఆ కుటుంబం సవాలు చేసింది. పదకొండు మంది న్యాయమూర్తులు విచారణకు కూర్చున్నారు. ప్రాథమిక హక్కులను పార్లమెంటు సవరణ ద్వారా తగ్గించవచ్చునా, లేదా? ఇదే వారి ముందున్న ప్రశ్న.

ఆరుగురు ఒకవైపు, ఐదుగురు మరొకవైపు నిలిచారు. తనకు, మరి నలుగురికి కలిపి సుబ్బారావు తీర్పు రాశారు. జస్టిస్ హిదాయతుల్లా వేరుగా రాస్తూ ఫలితంతో ఏకీభవించారు. సుబ్బారావు తర్కం చట్టం తయారయ్యే విధానం నుండే మొదలైంది. రాజ్యాంగాన్ని సవరించడానికి 368వ అధికరణం మార్గం చూపింది. ఉభయ సభలలో మొత్తం సభ్యులలో సగానికి మించినవారు, హాజరై ఓటువేసిన వారిలో మూడింట రెండు వంతులకు తగ్గనివారు ఆమోదించాలి. కొన్ని విషయాలలో సగం రాష్ట్రాల శాసనసభలు కూడా సమ్మతించాలి. అప్పట్లో ఆ అధికరణపు శీర్షికలో సవరణ విధానం అని మాత్రమే ఉండేది. అది విధానాన్ని చెబుతుంది గాని అధికారాన్ని ఇవ్వదని ఆయన అన్నారు. అధికారం పార్లమెంటు సాధారణ శాసనాధికారంలో, అవశిష్టాధికారాలలో ఉన్నది. బిల్లుగా ప్రవేశించి, సభల ఓటుతో, రాష్ట్రపతి సమ్మతితో పూర్తయ్యే సవరణ కూడా చట్టమే. చట్టమైతే 13వ అధికరణానికి లోబడవలసిందే. కాబట్టి ప్రాథమిక హక్కులను హరించే సవరణ చెల్లదు. ఎంత పెద్ద మెజారిటీ అయినా సరే, ఆ హక్కులు దాని చేతికి అందనంత ఎత్తున ఉన్నాయన్నది ఆయన సిద్ధాంతం.

అయితే ఒక పెద్ద చిక్కు మిగిలింది. సవరణలు మొదటి నుండి చెల్లవంటే 1951 తరువాత జరిగిన భూసంస్కరణలన్నీ తలకిందులవుతాయి. భూమి పొందిన రైతుల చేతుల నుండి దానిని తిరిగి లాగివేయవలసి వస్తుంది. దేశంలో అల్లకల్లోలం చెలరేగుతుంది. ఈ ప్రమాదాన్ని ముందే ఊహించిన సుబ్బారావు అమెరికా న్యాయశాస్త్రంలోని ఒక పద్ధతిని మొదటిసారిగా మన దేశంలో ప్రవేశపెట్టారు. కొత్త తీర్పు ఇకముందు జరిగే వాటికే వర్తిస్తుంది, జరిగిపోయిన వాటిని కదిలించదు అన్నది ఆ పద్ధతి. దాని ప్రకారం పాత సవరణలన్నీ నిలిచాయి. పదిహేడవ సవరణ కూడా నిలిచింది. ఫలితంగా కోర్టుకెక్కిన గోలక్‌నాథ్ కుటుంబానికి భూమి తిరిగి రాలేదు. వారి పేరు మాత్రం రాజ్యాంగ చరిత్రలో మిగిలిపోయింది.

ఈ తీర్పును ఎందరో కొనియాడారు, ఎందరో తీవ్రంగా విమర్శించారు. ప్రజలెన్నుకొన్న పార్లమెంటు చేతులు కట్టివేయడానికి ఒక్క న్యాయమూర్తి ఆధిక్యం చాలునా అని కొందరు ప్రశ్నించారు. భూమిలేని నిరుపేద ఆకలి కంటె భూస్వామి ఆస్తిహక్కు పవిత్రమైనదా అని మరికొందరు నిలదీశారు. అంతకుముందు వజ్రవేలు మొదలియారు వ్యాజ్యంలో, ప్రభుత్వం తీసుకొన్న ఆస్తికి న్యాయమైన విలువ చెల్లించాలని ఆయన చెప్పిన తీర్పును కూడా విమర్శకులు ఎత్తిచూపారు. ఈ విమర్శలో సత్యం లేకపోలేదు. కాని ఆస్తి విషయంలో ఏ కొలబద్ద వాడారో, పోలీసు నిఘాలో చిక్కిన మనిషి విషయంలోను, పత్రికా సంపాదకుని విషయంలోను, వెనుకబడిన వర్గాల విషయంలోను ఆయన అదే కొలబద్ద వాడారన్నది కూడా సత్యమే. ఒక హక్కుకు తలుపు తెరిస్తే రేపు అన్ని హక్కులూ ఆ తలుపు గుండానే పోతాయని ఆయన భయపడ్డారు.

1967 ఏప్రిల్ 10న సత్వంత్‌సింగ్ వ్యాజ్యంలో ఆయన మరొక ముఖ్యమైన తీర్పు ఇచ్చారు. అప్పటికి పాస్‌పోర్టుల మంజూరును నియంత్రించే చట్టమేదీ లేదు. ఇవ్వడం, నిరాకరించడం ప్రభుత్వం ఇష్టంపై ఆధారపడి ఉండేది. విదేశయానం కూడా వ్యక్తి స్వేచ్ఛలో భాగమేనని, చట్టం లేకుండా దానిని అడ్డుకోరాదని మెజారిటీ నిర్ణయించింది. పార్లమెంటు అదే సంవత్సరం పాస్‌పోర్టుల చట్టం చేసింది. న్యాయసమీక్ష శాసనసభలకు ఆటంకమే కాదు, అవి చేయవలసిన పనిని గుర్తుచేసే హెచ్చరిక కూడా అనడానికి ఇది నిదర్శనం.

ఆ మరునాడే, ఏప్రిల్ 11న, సుబ్బారావు పదవికి రాజీనామా చేశారు. మరి మూడు మాసాలు గడిస్తే ఆయన పదవీ విరమణ చేసేవారే. ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి పదవికి పోటీచేయడానికి ఆయన అంగీకరించారు. ఈ నిర్ణయం దేశమంతటా వాదోపవాదాలకు దారితీసింది. ప్రభుత్వానికి, పౌరునికి మధ్య తీర్పరిగా కూర్చున్న వ్యక్తి ఆ పీఠం దిగి నేరుగా ఎన్నికల రంగంలోకి రావడం న్యాయవ్యవస్థ గౌరవానికి తగునా అన్న ప్రశ్న తలెత్తింది. ఆయన తీర్పులను అభిమానించినవారిలో కూడా కొందరు ఈ విషయంలో నొచ్చుకొన్నారు. మే 6న జరిగిన ఎన్నికలో డాక్టర్ జాకీర్ హుస్సేన్‌కు 4,71,244 విలువగల ఓట్లు, సుబ్బారావుకు 3,63,971 విలువగల ఓట్లు లభించాయి. సుబ్బారావు ఓడిపోయారు. అంతటితో ఆయన పదవీ జీవితం ముగిసింది.

పార్లమెంటు గోలక్‌నాథ్ తీర్పును తేలికగా తీసుకోలేదు. 1971లో ఇరవైనాలుగవ సవరణ చేసి, సుబ్బారావు ఆధారపడిన ఆ శీర్షికనే మార్చివేసింది. సవరించే అధికారమూ విధానమూ రెండూ 368వ అధికరణంలోనే ఉన్నాయని స్పష్టంగా రాసింది. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి వ్యాజ్యంలో పదమూడు మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోలక్‌నాథ్ తీర్పును తోసిపుచ్చింది. ప్రాథమిక హక్కులను పార్లమెంటు సవరించవచ్చునన్నది. అయితే ఏడుగురు న్యాయమూర్తుల ఆధిక్యంతో మరొక మాట కూడా చెప్పింది. రాజ్యాంగపు మౌలిక స్వరూపాన్ని మాత్రం ఏ సవరణా ధ్వంసం చేయరాదన్నది. సుబ్బారావు నడిచిన దారిని న్యాయస్థానం విడిచిపెట్టినా, ఆయన చేరదలచిన గమ్యాన్ని విడిచిపెట్టలేదు.

1975 జూన్‌లో దేశంలో అత్యవసర పరిస్థితి విధించారు. వేలాది మంది విచారణ లేకుండా జైళ్ళపాలయ్యారు. అక్రమంగా నిర్బంధించారని కోర్టుకు మొరపెట్టుకొనే హక్కు కూడా ఆ కాలంలో లేదని 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు చెప్పింది. జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే విభేదించారు. ఆ తీర్పు వెలువడిన ఎనిమిది రోజులకు, 1976 మే 6న, కోకా సుబ్బారావు కన్నుమూశారు. జీవితమంతా ఏ హక్కుల కోసం కలం పట్టారో ఆ హక్కులు చీకటిలో ఉన్న వేళ ఆయన వెళ్ళిపోయారు.

కాని కథ అక్కడ ముగియలేదు. 1978లో నలభైనాలుగవ సవరణ ద్వారా ఆస్తిహక్కును ప్రాథమిక హక్కుల నుండి తొలగించారు. అదే సవరణ, అత్యవసర పరిస్థితిలో కూడా ప్రాణానికి, వ్యక్తి స్వేచ్ఛకు రక్షణ తొలగకుండా కట్టుదిట్టం చేసింది. 1992లో కిహోటో హోల్లోహన్ వ్యాజ్యంలో, రాష్ట్రాల సమ్మతి పొందకుండా చేర్చిన కారణంగా పదవ షెడ్యూలులోని ఒక పేరాను సుప్రీంకోర్టు చెల్లదన్నది. సవరణ మార్గాన్ని సభలు విధిగా పాటించాలని దీనితో మరొకసారి రుజువైంది. 2007 జనవరిలో తొమ్మిది మంది న్యాయమూర్తులు, కేశవానంద భారతి తీర్పు తరువాత తొమ్మిదవ షెడ్యూలులో చేరిన చట్టాలను కూడా మౌలిక స్వరూపం దృష్టితో పరీక్షించవచ్చునని ప్రకటించారు. 2017 ఆగస్టు 24న మరొక తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. 1976 నాటి అత్యవసర కాలపు తీర్పును కూడా అదే సందర్భంలో రద్దుచేసింది. ఖరక్‌సింగ్ వ్యాజ్యంలో సుబ్బారావు రాసిన అసమ్మతి తీర్పు యాభైనాలుగు సంవత్సరాల తరువాత దేశపు న్యాయసూత్రమైంది.

చట్టం చేసే సభ గొప్పది. దానిని పరీక్షించే న్యాయస్థానమూ గొప్పదే. ఆ రెండింటికంటె గొప్పది వాటికి జన్మనిచ్చిన రాజ్యాంగం. ఈ క్రమాన్ని ఎవరు మరచినా నష్టపోయేది బలహీనుడైన పౌరుడే. కోకా సుబ్బారావు చెప్పిన ప్రతి మాటా చివరకు నిలువలేదు. ఆయన చేసిన ప్రతి పనినీ అందరూ మెచ్చలేదు. కాని అర్ధరాత్రి తలుపు చప్పుడుకు ఉలిక్కిపడి లేచే మనిషి పక్షాన, ధర్మాసనంపై కూర్చుని ఆలోచించిన న్యాయమూర్తి ఆయన. గోదావరి ఒడ్డున పుట్టి దేశపు అత్యున్నత న్యాయపీఠాన్ని అలంకరించిన ఆ తెలుగు న్యాయమూర్తిని రాజ్యాంగాన్ని చదివే ప్రతి తరం తలచుకొంటూనే ఉంటుంది.